తాగుడు జబ్బు, మన ఊరి ఓపీ

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆయన పేరు ఆహ్వాన పత్రంలో ఉంది. పొగడ్త మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషి ఆయన. కాబట్టి నేను ఆ పని పెట్టుకోను. ఆయన స్పెషలిస్టు కారన్న మాట ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎంబీబీఎస్ చదివి, బజారు వీధిలో బోర్డు కట్టుకొని, జ్వరం నుంచి కాన్పు దాకా చూసిన డాక్టరు. అందుకే మామూలు డాక్టరు చేయగలిగి కూడా చాలావరకు చేయకుండా వదిలేస్తున్న పని ఒకదాన్ని ఇవాళ్టికి ఎంచుకున్నాను. తాగుడుకు లోబడిపోయిన మనిషికి వైద్యం చేయడం ఆ పని.

ఈ మాట అనగానే మన వాళ్లలో చాలామంది అనుకునేది నాకు తెలుసు. అది సైకియాట్రీ వాళ్ల పని, డీఅడిక్షన్ సెంటరు పని, లేదా పోలీసుల పని. మన పని కాదు. అయినా ఆ మనిషి రోజూ మన దగ్గరికే వస్తున్నాడు, వేరే పేర్లతో వస్తున్నాడు. కడుపులో మంట అని వస్తాడు. ఎన్ని మాత్రలు మార్చినా బీపీ దిగదు. అరికాళ్లు మంటలంటాడు, షుగరు చూస్తే మామూలుగా ఉంటుంది. మోటారు సైకిలు మీద నుంచి పడి కుట్లు వేయించుకోవడానికి వస్తాడు. నలభై ఏళ్ల వయసులో జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చి వస్తాడు. టీబీ మందులు రెండు నెలలు మింగి ఆపేసి మళ్లీ దగ్గుతూ వస్తాడు. ఒక్కోసారి అతను రాడు, భార్య వస్తుంది. తలనొప్పి, నిద్ర పట్టడం లేదు అంటుంది. చీటీ రాసి ఇచ్చాక లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి అంటుంది: "మా ఇంటాయన తాగతా ఉండాడు సార్, దానికేమైనా మందుంటే చెప్పండి."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఎయిమ్స్ వాళ్ల లెక్క ఒకటి చెబుతాను. 2019లో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ కేంద్రం కేంద్ర ప్రభుత్వం కోసం దేశమంతా సర్వే చేసి నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసు వాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని తేల్చింది. వాళ్లు దాదాపు 16 కోట్లు. అందులో మద్యానికి పూర్తిగా లోబడినవాళ్లు సుమారు 2.9 కోట్లు. తాగుడు వల్ల ఇబ్బంది పడుతున్నవారు 10 శాతం మించిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే నన్ను ఎక్కువగా కుదిపింది మరో అంకె. మద్యానికి లోబడిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం వైద్యం అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. మిగతా 37 మంది కోసం ఎన్ని డీఅడిక్షన్ సెంటర్లు కడతాం? ఎంతమంది సైకియాట్రిస్టులను తయారు చేస్తాం? తిరుపతి రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి చిత్తూరు, తిరుపతి జిల్లాల తాగుడు రోగులందరినీ పంపితే ఆ ఓపీ క్యూ అలిపిరి దాకా వస్తుంది.

ఇలాంటి లెక్కను మన ప్రాంతం ఇదివరకే ఒకసారి చూసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఇక్కడ చాలామందికి తెలుసు. 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ శానిటోరియం పెట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రీమోట్ మోలర్ దాన్ని నడిపారు. తర్వాత డాక్టర్ పి.వి. బెంజమిన్ సూపరింటెండెంటుగా ఉండి, ఆపైన కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. ఆ రోజుల్లో క్షయ అంటే మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం. అదీ ఊరికి దూరంగా. పడకలు దొరికినవాళ్లు కొందరు, దొరకనివాళ్లు లక్షలు. తర్వాత 1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ వాలెస్ ఫాక్స్ బృందం 193 మంది రోగులను చీటీ వేసినట్టు రెండుగా విడదీసింది. సగం మందికి శానిటోరియంలో, సగం మందికి ఇంట్లోనే ఏడాది పాటు ఐసోనియాజిడ్, పాస్ మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు, తక్కువ తిన్నారు, పనికి కూడా వెళ్లారు. అయినా ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. 1959లో అచ్చయిన ఆ పరిశోధన తర్వాత క్షయ వైద్యం కొండ దిగి ఊళ్లోకి వచ్చింది. ఇప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి మాత్ర మింగించి వస్తున్నదంటే దాని మూలం అక్కడుంది.

తాగుడు జబ్బు ఇంకా కొండ మీదే ఉందని నా వాదన. దాన్ని కిందికి దించే పని మనది.

మొదట అడగడం రావాలి. "తాగుతావా?" అని అడిగితే "లేదు సార్" అంటాడు. లేదంటే "ఎప్పుడో పండక్కి సార్" అంటాడు. గంగ జాతర ఏడాదికి ఒక్కసారే వస్తుందని మనకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అదే మనిషిని బీపీ పట్టీ చుడుతూ, మామూలు గొంతుతో, "ఈ వారంలో ఎన్ని దినాలు తీసుకున్నావప్పా? నైంటీనా, క్వార్టరా?" అని అడిగి చూడండి. జవాబు వస్తుంది. తాగుతున్నాడని ముందే తెలిసినట్టు, దాన్ని తప్పు పట్టనట్టు అడగడంలోనే కిటుకంతా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే దశలో ఉందని, 20 గానీ అంతకు మించి గానీ వస్తే మద్యానికి లోబడి ఉండవచ్చని అర్థం. సమయం లేకపోతే అందులో మొదటి మూడు ప్రశ్నలతోనే చాలావరకు తేలుతుంది. నేనైతే ఇంకొకటి కలుపుతాను: "తెల్లారి లేస్తూనే చెయ్యి వణకతా ఉందా? ఒక గుక్క పడితే సర్దుకుంటా ఉందా?" దీనికి అవునన్నవాడి సంగతి ఆడిట్ లేకుండానే తెలిసిపోతుంది.

ఎంత తాగుతున్నాడో లెక్క కట్టడం కూడా నేర్చుకోవాలి. మన క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం ఆల్కహాల్ అంటే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. "నేను మందు తాగను సార్, బీరే" అనేవాళ్లు ఉంటారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతంది అయితే అందులో 40 గ్రాములు దాటి ఉంటుంది. రెండు బీర్లు తాగినవాడు క్వార్టరు తాగినవాడి కన్నా ఎక్కువే తాగాడు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే నిజంగా ఆశ్చర్యపోయే రోగులు ఉన్నారు. నాటుసారా లెక్క ఎవరికీ అందదు. నల్లబెల్లం ఊట ఎవరు ఎట్లా కాచారో, అందులో ఏం వేశారో వాళ్లకే ఎరుక.

అడగడం దాటాక వచ్చే ఘట్టంలోనే డాక్టర్లు భయపడతారు, మనుషులు చచ్చిపోతారు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది? ఆఖరి గుక్క పడ్డ ఆరేడు గంటలకు చేతుల వణుకు, చెమటలు, వాంతి, గుండె దడ మొదలవుతాయి. 12 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. పురుగులు పాకుతున్నాయంటాడు, లేనివాళ్లతో మాట్లాడతాడు, మంచం దిగి పరుగెత్తుతాడు, ఒళ్లు కాలిపోతుంది. వెనకటి కాలంలో ఇది వచ్చినవాళ్లలో మూడో వంతు పైగా పోయేవాళ్లు. ఇప్పుడు సరైన వైద్యంతో ఆ సంఖ్య 5 శాతం లోపుకు దిగింది. ఎముక విరిగి సర్జరీ వార్డులో చేరిన మనిషి మూడో రోజు రాత్రి సెలైన్ గొట్టం పీకేసి అరిస్తే ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. డ్యూటీ డాక్టరు తలకు దెబ్బ తగిలిందేమోనని స్కాన్‌కు పంపుతాడు. చేర్చుకున్న రోజే తాగుడు గురించి ఒక ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రి అంత హడావిడి ఉండేది కాదు.

ఎందుకిలా జరుగుతుందో హౌస్ సర్జన్లకు పుస్తకంలో ఉంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఆల్కహాల్ మెదడును అణచి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అలా అణచి ఉంచితే, దాన్ని తట్టుకొని పని చేయడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బ్రేకు సగం పట్టేసిన బస్సును యాక్సిలరేటరు గట్టిగా తొక్కి నడిపే డ్రైవరును ఊహించుకోండి. ఆ బ్రేకు ఉన్నట్టుండి వదిలేస్తే బండి ఏమవుతుందో తాగుడు ఆపిన మెదడుకు అదే అవుతుంది. మన చేతిలో ఉన్న మందు ఆ బ్రేకును మెల్లగా వదిలే మందు: క్లోర్‌డయాజిపాక్సైడ్. మధ్యస్థంగా ఉన్నవాడికి మొదటి రోజు 25 మిల్లీగ్రాములు నాలుగు సార్లు ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేయాలి. కాలేయం బాగా చెడినవాడికి, వయసు మళ్లినవాడికి లోరాజెపామ్ మేలు. మాత్రలు రెండు రోజులకు సరిపడా మాత్రమే, అదీ భార్య చేతికో తల్లి చేతికో ఇవ్వాలి. నెలకు సరిపడా రాసి పంపితే ఒక బానిసత్వం పక్కన ఇంకొకటి పెట్టినట్టే. అల్ప్రాజోలం మాత్రలు మింగుతూ, తాగుడూ మానకుండా తిరిగేవాళ్లకు మన మెడికల్ షాపుల ముందు కొరతేమీ లేదు.

ఎవరిని ఇంట్లో ఉంచి చూడవచ్చు? ఇంతకు ముందు తాగుడు ఆపినప్పుడు ఫిట్స్ రానివాళ్లను, డెలీరియం రానివాళ్లను, జ్వరం, పచ్చకామెర్లు, మతి తప్పడం, చచ్చిపోతాననే మాటలు లేనివాళ్లను, ఇంట్లో కనిపెట్టుకొని ఉండే మనిషి ఉన్నవాళ్లను చూడవచ్చు. మొదటి నాలుగు రోజులూ రోజూ ఓపీకి రావాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆస్పత్రిలో చేర్చాలి. రుయాకో, చిత్తూరు జిల్లా ఆస్పత్రికో పంపాలి. చిత్తూరు పడమటి మండలాలవాళ్లు వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక వైద్య కేంద్రానికి వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే. పంపేటప్పుడు ఏ మందు ఎంత ఇచ్చామో చీటీలో రాయాలి. ఇంతకన్నా చిన్న పని లేదు, ఇంతకన్నా ఎక్కువగా ఎగ్గొట్టే పనీ లేదు.

ఇక థయమిన్. నేను ఈ వేదిక మీద ఒక్క మాటే చెప్పి దిగిపోవాలంటే ఇదే చెప్పి దిగుతాను. తాగి తాగి తిండి మానేసి పడిపోయిన మనిషిని పల్లెలో ఆరెంపీ దగ్గరికి తెస్తే మొదట ఎక్కేది గ్లూకోజు బాటిల్. ఇంటివాళ్లు కూడా "సెలైన్ పెట్టండి సార్, నీరసంగా ఉండాడు" అంటారు. గ్లూకోజును శరీరం వాడుకోవాలంటే థయమిన్ అనే బి1 విటమిన్ కావాలి. తాగుడు మనిషిలో అది అడుగంటి ఉంటుంది. ఉన్న కాస్తనూ ఆ గ్లూకోజు లాగేస్తే మెదడులో కొన్ని చోట్ల కణాలు చచ్చిపోతాయి. కళ్లు సరిగా తిరగవు, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. మూడూ కలిసి కనిపించడం అరుదు, ఒక్కటి కనిపించినా అనుమానించాలి. 1881లో కార్ల్ వెర్నికె వర్ణించిన జబ్బు ఇది. వెంటనే పట్టుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. నిన్న చూసిన మనిషిని ఇవాళ గుర్తు పట్టడు, లేని సంగతులు కల్పించి చెబుతాడు. ఆ మనిషి బతికే ఉంటాడు, ఇల్లు మాత్రం అతన్ని పోగొట్టుకుంటుంది. థయమిన్ సూది ముందు, గ్లూకోజు తర్వాత. తినలేని స్థితిలో ఉన్నవాడికి, మతి తప్పినవాడికి మాత్రలు సరిపోవు, సూదే వేయాలి. అది చవకైన మందు. మన తాతల కాలంలో రాగి సంగటి తినేవాళ్లకు పాలిష్ పట్టిన బియ్యం తినే మనకన్నా ఈ విటమిన్ ఎక్కువే అందేదన్నది పక్క మాట. తాగేవాడు సంగటీ తినడు, అన్నమూ తినడు. అదే అసలు చిక్కు.

ఇందాక ఒక్కసారిగా మానేయడం గురించి మాట్లాడుకున్నాం కాబట్టి కాణిపాకం సంగతి చెప్పాలి. వరసిద్ధి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేయరాదని మన జిల్లాలో పసిపిల్లాడికి తెలుసు. తాగుడు మానతానని అక్కడ ప్రమాణం చేసేవాళ్లు ఎందరో. చదువుకున్న డాక్టర్లు కొందరు దీన్ని నవ్వుతారు, నేను నవ్వను. మానాలని తనంతట తాను అనుకొని, భార్యాపిల్లలతో కలిసి బస్సెక్కి వెళ్లి, నీళ్లలో మునిగి, దేవుడి ముందు నోరు తెరిచి చెప్పాడంటే, మనం గంట సేపు కౌన్సెలింగ్ చేసినా రాని సంకల్పం అతనికి అప్పటికే వచ్చింది. కాకపోతే రోజూ రెండు క్వార్టర్లు తాగేవాడు ప్రమాణం చేసి ఇంటికొచ్చిన రెండో రోజు ఫిట్స్‌తో పడిపోతే, దేవుడు శిక్షించాడని ఊరంతా అనుకుంటుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లదీ ఇదే కథ. 41 రోజుల దీక్ష అంటే వైద్యుడికి ఎంత మంచి అవకాశం! అయితే కార్తీక మాసంలో మాల వేసిన మొదటి వారంలో వణుకులతో, నిద్రలేమితో వచ్చే స్వాములను చూసి, ఇది చలి అనో ఉపవాసం అనో అనుకోకూడదు. మాలకు ముందే వచ్చి మందు తీసుకొమ్మని గురుస్వాములకు చెప్పి ఉంచితే చాలామంది వింటారు. ఇంకో సంగతి. మాల తీసిన సాయంత్రమే సీసా తీసేవాళ్లు ఉన్నారు. 42వ రోజుకు మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఆ ఏదో ఒకటి గురించి ఇప్పుడు. వణుకులు తగ్గించడం వైద్యానికి గడప మాత్రమే. దాన్ని దాటి లోపలికి రాకుండా డిశ్చార్జి రాసేయడం మనకు అలవాటైపోయింది. మళ్లీ తాగకుండా నిలబెట్టే మందులు నాలుగైదు ఉన్నాయి. అందరికీ తెలిసింది డైసల్ఫిరామ్. 1948లో కోపెన్‌హేగన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్ దాని గుణం కనిపెట్టారు. ఈ మాత్ర వేసుకున్న మనిషి తాగితే ఆల్కహాల్ మధ్యలో అసిటాల్డిహైడ్ దగ్గర ఆగిపోతుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపిన రెండు వారాల దాకా కూడా ఇలా కావచ్చు. తెలిసి, ఒప్పుకొని, ఇంట్లో ఒకరి ఎదుట రోజూ వేసుకుంటే మంచి మందే.

తెలియకుండా ఇస్తే మాత్రం విషం. మన ఊళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే. గోడల మీద "మనిషికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని రాసి ఉంటుంది. పొడి కొనుక్కొచ్చి సాంబారులో కలుపుతారు. డాక్టర్లే చీటీ రాసి "అన్నంలో కలిపెయ్యమ్మా" అన్న సందర్భాలూ ఉన్నాయి. గుండె జబ్బున్న మనిషి అది తెలియక రాత్రి క్వార్టరు తాగితే బజారులోనే పడిపోవచ్చు. ప్రాణం పోకపోయినా, ఎప్పుడో ఒకనాడు సంగతి బయటపడుతుంది. ఆ తర్వాత అతను ఇంట్లో అన్నం ముట్టడు, భార్యను నమ్మడు, డాక్టరు గడప తొక్కడు. ఆ ఇల్లాలి బాధ నాకు అర్థం కాక కాదు. ఆమెకు మరో దారి చూపించకుండా ఆ మందును ఆమె చేతిలో పెట్టడం మన సోమరితనం. డైసల్ఫిరామ్ మీద ఉన్నవాడికి ఆయుర్వేద అరిష్టాలు, కొన్ని దగ్గు సిరప్పులు కూడా పనికిరావు. వాటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది.

నాల్ట్రెక్సోన్ మన ఓపీకి బాగా సరిపోయే మందని నా అభిప్రాయం. తాగుడులో దొరికే ఆ కిక్కును తగ్గిస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. పూర్తిగా మానకముందే మొదలుపెట్టవచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వకూడదు, కాలేయ పరీక్ష చూసుకోవాలి. అకాంప్రోసేట్ రోజుకు మూడు పూటలు వేసుకోవాలి. అంత ఓపికున్న రోగికి, కిడ్నీలు బాగున్నవాడికి మేలు. కాలేయం గట్టిపడినవాళ్లలో బాక్లోఫెన్ పనిచేస్తుందని 2007లో ఇటలీ నుంచి అడ్డొలొరాటో బృందం చూపింది. ఈ మందులన్నిటి మీదా 118 పరిశోధనలు కలిపి చూసిన సమీక్ష 2023లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. అకాంప్రోసేట్ పదకొండు మందికి ఇస్తే ఒకరు మళ్లీ గుక్క ముట్టకుండా ఆగుతారు. నాల్ట్రెక్సోన్ పదకొండు మందికి ఇస్తే ఒకరు మళ్లీ విపరీతంగా తాగే స్థితికి పోకుండా ఆగుతారు. పదకొండు మందికి ఒక్కడేనా అని పెదవి విరిచేవాళ్లు, ఒక పక్షవాతం తప్పించడానికి మనం ఎంతమందికి బీపీ మాత్రలు రాస్తున్నామో ఓసారి లెక్క చూసుకోవాలి.

మామూలు డాక్టరుకు ధైర్యమిచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. 2006లో అమెరికాలో 1,383 మంది మీద కంబైన్ అనే పరిశోధన అచ్చయింది. అందులో స్పెషలిస్టు కౌన్సెలింగ్ లేకుండా, డాక్టరో నర్సో కొద్దిసేపు కూర్చోబెట్టి మాట్లాడి, మాత్ర వేసుకుంటున్నాడా లేదా చూసి, నాల్ట్రెక్సోన్ ఇస్తూ పోయిన గుంపు బాగా నిలబడింది. అదే పరిశోధనలో అకాంప్రోసేట్ ఏమీ తేడా చూపించలేదు, ఐరోపా పరిశోధనల్లో చూపించింది. శాస్త్రం ఇలాగే ఉంటుంది. మాట్లాడే పనికి డాక్టరు కూడా అక్కర్లేదని గోవాలో తేలింది. విక్రమ్ పటేల్, అభిజిత్ నాడకర్ణి బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగే 377 మంది మగవాళ్లతో పని చేసింది. స్థానికులకు శిక్షణ ఇచ్చి, రోగులతో కొన్నిసార్లు మాట్లాడించారు. మూడు నెలలకు అలా మాట్లాడించినవాళ్లలో 36 శాతం మంది ప్రమాద స్థాయి దిగి వచ్చారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 26 శాతం. వాళ్లు మద్యానికి పూర్తిగా లోబడినవాళ్లు కారన్నది గుర్తుంచుకోవాలి. ఆ దశకు చేరకముందే పట్టుకోవడానికి మన ఏఎన్ఎంలు, ఆశాలు చాలు. మానసిక జబ్బులను పీహెచ్‌సీ డాక్టరు చూడగలడని 1985 తర్వాత నిమ్హాన్స్ వాళ్లు మన అనంతపురం పక్కనున్న బళ్లారి జిల్లాలోనే చూపించారు. తమిళనాడు మంజక్కుడిలో శాంతి రంగనాథన్ గారి సంస్థ 1989 నుంచి ఊళ్లోనే శిబిరం పెట్టి తాగుడు రోగులకు వైద్యం చేసింది. ఊరివాళ్లే వండి పెట్టారు, ఊరివాళ్లే కనిపెట్టుకొని ఉన్నారు.

మళ్లీ తాగినవాడి సంగతి. మూడు నెలలు మానేసి, బావమరిది పెళ్లిలో తాగి, సిగ్గుతో ఆరు నెలలు మొహం చాటేస్తాడు. టీబీ మందు మధ్యలో ఆపినవాడిని మనం వెతుక్కుంటూ వెళ్తాం, ఫోను చేస్తాం, ఇంటికి మనిషిని పంపుతాం. వీడు మళ్లీ వస్తే మాత్రం "నువ్వు మారవు పో" అంటాం. రెండూ తిరగబెట్టే జబ్బులే. తిరగబెట్టినప్పుడు మందు మార్చాలి, మోతాదు చూడాలి, పెళ్లిళ్లప్పుడు ఏం చేయాలో ముందే అతనితో మాట్లాడాలి.

మద్యం విధానం గురించి మాట్లాడకుండా దిగితే ఊరి పెద్దలు ఊరుకోరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు అక్షరం నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం మన చిత్తూరు పల్లెలకూ వచ్చింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఆ ఆడవాళ్లు మా డాక్టర్లందరికన్నా ఎక్కువ కాలేయాలు కాపాడారని నా నమ్మకం. ధర పెరిగితే, దుకాణం దూరమైతే తాగుడు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. అయితే అప్పటికే లోబడిపోయినవాడి గతి ఏమిటని ఆనాడూ ఎవరూ గట్టిగా అడగలేదు, తర్వాతా అడగలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి వణుకులతో, భ్రమలతో జనం పోటెత్తారు. అదే ఏడాది జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎవరినీ చట్టం చంపలేదు, సీసా కూడా చంపలేదు. వైద్యం అందే చోటు లేక చనిపోయారు. ప్రభుత్వాలు దుకాణాన్ని తాము నడిపినా, ప్రైవేటుకు ఇచ్చినా, కుప్పం అవతల కర్ణాటక నుంచి ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి. ఆ వాదనలు శాసనసభకు వదిలేసి, మనం ఓపీ సంగతి చూసుకుందాం.

తాగే ఆడవాళ్ల గురించి ఒక్క ముక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 23.3 శాతం, ఆడవాళ్లలో 0.5 శాతం తాగుతామని చెప్పారు. చెప్పనివాళ్లు ఎంతమందో! వాళ్లు ఆడవాళ్లు కాబట్టి మనం అడగం, అడగం కాబట్టి కామెర్లు వచ్చేదాకా కనబడరు.

మెడికల్ ఆఫీసర్లకు ఒక విన్నపంతో ముగిస్తాను. 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో నాల్ట్రెక్సోన్‌ను, అకాంప్రోసేట్‌ను చేర్చింది. రేపు మీ పీహెచ్‌సీ మందుల గదికి వెళ్లి చూడండి: థయమిన్ సూదులు ఉన్నాయా? క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజెపామ్ ఎంత ఉన్నాయి? నాల్ట్రెక్సోన్ అసలు ఎవరైనా అడిగారా? లేనివాటిని వచ్చే ఇండెంటులో రాయండి. రాలేదని జవాబొస్తే మళ్లీ రాయండి. ఓపీ గోడ మీద టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాయించండి, తెలుగులో మాట్లాడతారు. వారంలో ఒక రోజు మధ్యాహ్నం, మామూలు ఓపీ అయ్యాక, ఈ రోగులకు కేటాయించండి. బీపీ పట్టీ కట్టండి, బరువు చూడండి, ఆ వారం ఎన్ని దినాలు తాగకుండా ఉన్నాడో కార్డు మీద రాయండి, వచ్చే వారం తేదీ వేసి ఇవ్వండి. బోర్డు మీద డీఅడిక్షన్ అని మాత్రం రాయొద్దు, ఎవరూ రారు. బీపీ క్లినిక్ అని రాయండి. ఎలాగూ వాళ్లలో చాలామందికి బీపీ ఉంటుంది.